మేక కళ్ళు, మంత్రి కళ్ళు

రాయలు, అప్పాజీ అనగానే తెలుగువాళ్ళకు చిన్నప్పుడు విన్న కథలు గుర్తుకొస్తాయి. రాజు చిక్కుప్రశ్న వేస్తాడు, ముసలి మంత్రి నవ్వుతూ విప్పుతాడు. ఒకరి మాట ఒకరు దాటరు. ఆ కథల్లో విషం ఉండదు, సంకెళ్ళు ఉండవు. విజయనగరంలో కొంతకాలం ఉన్న ఒక పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఇదే రాజు గురించి, ఇదే మంత్రి గురించి రాసిన కథ మాత్రం కళ్ళు తీయమనే ఆజ్ఞతో మొదలవుతుంది, కళ్ళు తీయించడంతో ముగుస్తుంది.

ఆ వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్. 1535 ప్రాంతంలో, అంటే శ్రీకృష్ణదేవరాయలు పోయిన కొన్నేళ్ళకు, అచ్యుతరాయల కాలంలో తాను విన్నదీ చూసిందీ రాశాడు. ఆ రాతప్రతి పారిస్ గ్రంథాలయంలో పడి ఉండగా 1897లో లిస్బన్‌లో అచ్చయింది. 1900లో రాబర్ట్ సీవెల్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. అప్పాజీ అసలు పేరు తిమ్మరుసు. ఆయన పతనం గురించి ఇవాళ తెలుగులో చెప్పుకునే వివరాల్లో చాలా భాగం ఈ ఒక్క మనిషి చెప్పినవే. ఆ సంగతి మొదటే గుర్తు పెట్టుకోవడం మంచిది.

కథ 1509లో మొదలవుతుంది. వీరనరసింహరాయలు మరణశయ్య మీద ఉన్నాడు. కొడుకుకు ఎనిమిదేళ్ళు. సవతి తమ్ముడు కృష్ణరాయలు ఇరవై దాటిన యువకుడు. తాను పోయాక సింహాసనం ఎవరిదవుతుందో ఊహించడం కష్టం కాదు. అందుకే రాజు మంత్రి సాళువ తిమ్మరుసును పిలిచి, తమ్ముడి కళ్ళు తీయించి తెచ్చి చూపమన్నాడు. చంపనక్కరలేదు, చూపు పోతే చాలు. అంగవైకల్యం ఉన్నవాడికి పట్టం కట్టరు కాబట్టి ఆ కాలపు రాజవంశాలకు ఇది తెలిసిన ఉపాయమే. తిమ్మరుసు కృష్ణరాయలను గుర్రపుశాలకు తీసుకెళ్ళి సంగతి చెప్పాడు. రాజ్యం తనకు అక్కరలేదని, యోగిలా దేశాలు పట్టిపోతానని ఆ యువకుడు అన్నాడట. మంత్రి ఒక మేక కళ్ళు తీయించి రాజుకు చూపించాడు. అన్న కన్ను మూశాడు, తమ్ముడికి పట్టాభిషేకం జరిగింది.

ఇది జరిగిందా, కట్టుకథా అన్నది వేరే చర్చ. కథ వెనక ఉన్న భయం మాత్రం కట్టుకథ కాదు. విజయనగర సింహాసనం అప్పటికే రెండుసార్లు చేతులు మారింది. 1485లో సాళువ నరసింహుడు సంగమ వంశాన్ని తోసి రాజయ్యాడు. 1491లో ఆయన పోతూ ఇద్దరు చిన్న కొడుకులను సేనాని తుళువ నరస నాయకుడి సంరక్షణలో పెట్టాడు. పెద్దవాడు హత్యకు గురయ్యాడు. చిన్నవాడు ఇమ్మడి నరసింహుడు పేరుకు రాజు, నిజానికి పెనుకొండ కోటలో బందీ. చివరికి అతణ్ణీ చంపేశారు. చంపించింది నరస నాయకుడేనని నూనిజ్ అంటాడు. ఆయన కొడుకు వీరనరసింహుడు 1505లో చేయించిన పని అని తరువాతి చరిత్రకారులు ఎక్కువమంది రాశారు. ఎవరు చేయించినా ఫలితం ఒకటే. సంరక్షకుడి ఇంట్లోకి రాజ్యం వచ్చింది. ఆ ఇంట్లో పుట్టినవాడే కృష్ణరాయలు.

కాబట్టి పిల్లవాడు రాజు, పక్కన బలమైన సంరక్షకుడు అనే ఏర్పాటు ఎక్కడికి దారితీస్తుందో ఆ కుటుంబానికి ఎవరూ చెప్పనక్కరలేదు. వీరనరసింహుడు కొడుకు కోసం భయపడింది అందుకే. కృష్ణరాయలు పట్టమెక్కగానే అన్న కొడుకునూ, తన సోదరులు ముగ్గురినీ చంద్రగిరి కోటకు పంపేసిందీ అందుకే. తరువాత రాజయిన అచ్యుతుడు బయటికొచ్చింది ఆ చెరలోంచే.

ఇక ప్రేమ సంగతి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన మరో పోర్చుగీసు, దొమింగో పాయస్, రాజుకు పన్నెండుగురు భార్యలని, వారిలో ముగ్గురు ముఖ్యులని రాశాడు. ఒకరు ఒరిస్సా గజపతి కూతురు. ఒకరు శ్రీరంగపట్టణపు సామంతుడి కూతురు. మూడో ఆమె, రాజు కాకముందు ఆయన ప్రేమించిన భోగం స్త్రీ. రాజయితే పెళ్ళాడతానని మాట తీసుకుంది, ఆయన మాట నిలబెట్టుకున్నాడు. నూనిజ్ ఆమెకు చిన్నాదేవి అని పేరు పెట్టి కథను ఇంకాస్త సాగదీశాడు. కొత్త రాజు రాత్రిపూట దొంగచాటుగా కోట దాటి ఆమె ఇంటికి వెళ్ళేవాడట. ఒక రాత్రి తిమ్మరుసు వెంబడించి, ఆ ఇంట్లోకి వెళ్ళేదాకా చూసి, మందలించి వెనక్కి తీసుకొచ్చాడట. పెళ్ళాడి తీరతానని రాజు పట్టుబట్టాడు. మంత్రి వాదించలేదు, రాజుకు మాట రాకుండా ఆ పని చేసిపెట్టాడు. ముందు రాజకుటుంబపు కన్యను ఇచ్చి పెళ్ళి జరిపించి, ఆ వేడుకలు ముగియగానే ఈమెను కూడా ఆ ఇంట్లోకే చేర్చాడు.

ఈ చిన్న ఘట్టం చాలామంది సరదాగా చదివి వదిలేస్తారు. తిమ్మరుసు అధికారం ఎటువంటిదో దీనంత బాగా చెప్పేది మరొకటి లేదు. కోశాగారం, సైన్యం, దుర్గాలు ఏ మంత్రి చేతిలోనైనా ఉండవచ్చు. రాజు రాత్రి ఎటు వెళ్తున్నాడో తెలిసినవాడు, తెలిశాక నిలదీయగలిగినవాడు, నిలదీశాక లోకం ముందు కప్పిపుచ్చగలిగినవాడు వేరే రకం మంత్రి. అటువంటివాణ్ణి తండ్రిలా చూడాలి, లేదా భయపడాలి. అప్పాజీ అనే పిలుపులో ఈ రెండూ ఉన్నాయేమో.

చిన్నాదేవి మీది ప్రేమతోనే రాజు నాగలాపురం అనే కొత్త పట్టణం కట్టించాడని నూనిజ్ రాశాడు. అది ఇప్పటి హోస్పేట ప్రాంతం. కానీ రాయల తల్లి పేరు నాగలాంబ. తల్లి పేరున్న ఊరిని ప్రియురాలి ఖాతాలో వేశాడంటే నూనిజ్ దగ్గర ఊరి మాటలు ఎంత కలిసిపోయాయో తెలుస్తుంది. చిన్నాదేవి మాత్రం కల్పన కాదు. 1513 ఫిబ్రవరి 10న రాయలు మొదటిసారి తిరుమల కొండెక్కినప్పుడు చిన్నాదేవి, శ్రీరంగపట్టణం నుంచి వచ్చిన రాణి తిరుమలదేవి ఇద్దరూ స్వామికి బంగారు పాత్రలు సమర్పించినట్టు శాసనాలున్నాయి. రాయలు నడుమ, ఇద్దరు దేవేరులు ఇరువైపులా చేతులు జోడించి నిలబడ్డ లోహ ప్రతిమలు ఆలయ మండపంలో ఇప్పటికీ ఉన్నాయి. వాటి పక్కనుంచి వెళ్ళే భక్తుల్లో ఆగి చూసేవారు తక్కువ.

మూడో రాణి గజపతి కూతురికి ఆ మండపంలో చోటు లేదు. యుద్ధం ముగించే సంధిలో భాగంగా ఇచ్చిన పిల్ల ఆమె. కృష్ణానదికి ఉత్తరాన గెలిచిన భూమిని రాయలు మామగారికి తిరిగి ఇచ్చేశాడు, ఆమెను తెచ్చుకున్నాడు. ఆమె పేరేమిటో కూడా సంప్రదాయాలు ఒప్పుకోవు. జగన్మోహిని, తుక్క, అన్నపూర్ణ, భద్ర, ఇలా ఎవరికి తోచింది వారు చెప్పారు. భర్త ఆదరించని రాణిగా కంభంలో ఒంటరిగా బతికిందనీ, తన బాధను అయిదు సంస్కృత శ్లోకాల్లో చెప్పుకుందనీ అంటారు. పెళ్ళినాడే ఆమె వైపువాళ్ళు రాయలను పొడిచి చంపాలని చూశారనీ, తిమ్మరుసు పసిగట్టి తప్పించాడనీ కూడా జనం చెప్పుకుంటారు. చిన్నాదేవిది ప్రేమ, ఈమెది సంధిపత్రం. తిరుమలదేవి ఈ ఇద్దరికంటే పై మెట్టు మీద నిలబడింది, ఎందుకంటే వారసుణ్ణి కన్నది ఆమె. రాయల చిత్రపటం వైపు కాళ్ళు చాచి పడుకుందని భర్త అలిగితే, పుట్టింటి నుంచి అరణంగా వెంట వచ్చిన నంది తిమ్మన సత్యభామ కృష్ణుణ్ణి కాలితో తన్నే కావ్యం రాసి ఇద్దరినీ కలిపాడన్న ముచ్చట అందరికీ తెలిసిందే. అది నిజం కాకపోయినా, అంతఃపురంలో అలక కూడా కొలువు వ్యవహారమేనని చెప్పడానికి పనికొస్తుంది.

అనుమానాన్ని ఆయుధంగా వాడటం తిమ్మరుసుకు కొత్త కాదు. గజపతితో యుద్ధంలో ఆయన పన్నిన ఎత్తును, రాయల కథ చెప్పే తరువాతి కాలపు తెలుగు వచన గ్రంథం రాయవాచకం చెబుతుంది. గజపతికి అండగా పదహారుగురు పాత్రసామంతులు, అంటే ముఖ్య సామంతులు, ఉన్నారు. వాళ్ళను యుద్ధంలో గెలవడం కష్టమని తిమ్మరుసు వాళ్ళందరి పేర లేఖలు రాయించి, పెట్టెల్లో బంగారం పెట్టి, అవి తప్పకుండా గజపతి మనుషుల చేతికి చిక్కేలా పంపించాడు. ఆ ఉత్తరాలు చదివితే సామంతులు అప్పటికే అమ్ముడుపోయారనిపిస్తుంది. గజపతి వాళ్ళను పిలిచి విచారించలేదు. రాత్రికి రాత్రే పారిపోయాడు. విధేయులైనవాళ్ళు విధేయులుగానే ఉండిపోయారు, వారి మీద నమ్మకం ఒక్కటే పోయింది. తిమ్మరుసుకు కావలసింది అంతే. ఈ కథ నిజమైనా కాకపోయినా, ఒక రాజును కూలదోయడానికి ద్రోహం జరగనక్కరలేదని, జరిగిందని అనిపిస్తే చాలునని ఆ కొలువు మనుషులకు బాగా తెలుసని చూపిస్తుంది.

1515లో కొండవీడు పడ్డాక తూర్పు తీరంలో తిమ్మరుసు కుటుంబం బాగా వేళ్ళూనుకుంది. మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి కొండవీడు దుర్గాధిపతి అయ్యాడు. మరో మేనల్లుడు నాదెండ్ల అప్పమంత్రి ఎంత పెద్దవాడయ్యాడంటే మాదయగారి మల్లన రాజశేఖర చరిత్రాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. తమ్ముడు గోవిందరాజు ప్రధాని హోదాలో శాసనాల్లో కనిపిస్తాడు. ఇదంతా రాజుకు తెలియకుండా జరిగింది కాదు. ఆముక్తమాల్యదలో రాయలు చెప్పిన రాజనీతి ప్రకారం మంత్రి చదువుకున్న బ్రాహ్మణుడై ఉండాలి, అధర్మానికి భయపడాలి, వయసు యాభైకీ డెబ్బైకీ నడుమ ఉండాలి, వంశపరంపరగా కొలువుతో సంబంధం ఉండాలి. దుర్గాలు కూడా బ్రాహ్మణుల చేతిలో పెట్టమన్నాడు. చదువుతుంటే తిమ్మరుసును ఎదురుగా నిలబెట్టుకుని రాసినట్టే ఉంటుంది. అటువంటివాడు దొరక్కపోతే రాజు తన బుద్ధితోనే నడుచుకోవాలనీ, తగనివాణ్ణి తెచ్చిపెట్టుకుంటే చివరికి వాడి చెప్పుచేతల్లో పడిపోతాడనీ కూడా అక్కడే చెప్పాడు.

1524కు వద్దాం. తిరుమలదేవి కొడుకు తిరుమలరాయలకు ఆరేళ్ళు. రాయలు తాను బతికి ఉండగానే ఆ పిల్లవాడికి పట్టం కట్టాడు. ఈ పట్టాభిషేకానికి నూనిజ్ ఒక్కడే ఆధారం కాదు. తిరుమలదేవ మహారాయల పేర ఆ ఏడాది వేసిన శాసనాలున్నాయి. తండ్రి తాను మంత్రిస్థానంలో కూర్చుని కొడుకుకు నమస్కరించాడనీ, తిమ్మరుసు మంత్రిపదవి వదిలి సలహాదారుగా మిగిలాడనీ, ఆయన కొడుకుల్లో ఒకడికి పెద్ద హోదా దక్కిందనీ నూనిజ్ రాశాడు. తన ఇల్లు ఏ దారిన రాజ్యానికి వచ్చిందో ఆ దారి మూసేయాలనుకున్నాడు రాయలు. తన తరువాత పిల్లవాడు సంరక్షకుడి పాలవకుండా, ముందే రాజును చేసి తానే సంరక్షకుడయ్యాడు. ఆలోచన తెలివైనదే. కానీ దానివల్ల ఆరేళ్ళ పసివాడు కుట్రలకు గురి అయ్యాడు. అంతవరకు అతడు యువరాజు, ఎదురుచూడవలసిన వారసుడు. ఇప్పుడు నేరుగా రాజు.

ఉత్సవాలు ఎనిమిది నెలలు సాగాయి. వాటి నడుమే పిల్లవాడు జబ్బుపడి చనిపోయాడు. తిమ్మరుసు కొడుకు విషం పెట్టాడని రాయల చెవిన పడింది. ఎవరు చెప్పారో, ఏ సాక్ష్యం చూపించారో నూనిజ్ రాయలేదు. అది నిజమేనని రాజు నిశ్చయించుకున్నాడని మాత్రం రాశాడు. సామంతులూ దండనాయకులూ నిండిన కొలువులోకి తిమ్మరుసునూ కొడుకులనూ బంధువులనూ పిలిపించి, అందరూ వింటుండగా రాజు చెప్పిన మాటల సారాంశం ఇది: నిన్ను ఎప్పుడూ నా ఆప్తుడిగానే చూశాను. ఈ రాజ్యం నాకు ఇచ్చింది నువ్వే. అయినా నేను నీకు ఋణపడి లేను. నీ ప్రభువు, నా అన్న, నా కళ్ళు తీయమని ఆజ్ఞాపించాడు. నువ్వు తీయలేదు. మేక కళ్ళు చూపించి ఆయనను మోసగించావు. అంటే నువ్వు ఆనాడే ద్రోహివి. ఇప్పుడు నా కొడుకును విషంతో చంపారు, కాబట్టి మిమ్మల్నందరినీ బంధిస్తున్నాను.

ఈ ప్రసంగం అక్షరాలా ఇలాగే జరిగిందని నమ్మనక్కరలేదు. కొలువులో లేని వర్తకుడు పదేళ్ళ తరువాత విని రాసింది. అయినా దీన్ని ఎవరు కల్పించినా, రాజరికం స్వభావం తెలిసి కల్పించారు. ప్రాణం పోసిన ఉపకారమే నేరపత్రంలో మొదటి అభియోగమైంది. తర్కం కూడా వంకర కాదు. ఒక రాజు ఆజ్ఞను ధిక్కరించి, తనకు నచ్చినవాణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టగలిగిన మంత్రి మరో రాజు విషయంలోనూ ఆ పని చేయగలడు. రాయలు పదిహేనేళ్ళు ఆ సంగతి పక్కనపెట్టి బతికాడు. కొడుకు శవం ముందు అది పక్కన నిలబడలేదు. విషం ఆరోపణ కొత్తది, దాన్ని నమ్మించిన అనుమానం మాత్రం గుర్రపుశాలనాటిది.

బంధించిన తీరు కూడా గమనించదగ్గదే. రాజు స్వయంగా లేచి మంత్రి మీద చేయి వేశాడనీ, గుర్రాలతో వచ్చి ఉన్న పోర్చుగీసులను సాయానికి పిలిచాడనీ నూనిజ్ అంటాడు. తనవాళ్ళ ప్రాధాన్యం పెంచుకోవడానికి రాసిన మాట కావచ్చు. నిజమైతే మాత్రం, సొంత కొలువులో ఎవరు తన వాళ్ళో ఎవరు తిమ్మరుసు వాళ్ళో రాజు తేల్చుకోలేకపోయాడన్నమాట. లక్షల సైన్యం ఉన్నవాడు ఆ క్షణంలో, ఏ కులానికీ ఏ వర్గానికీ చెందని విదేశీ గుర్రాలవాళ్ళను నమ్మవలసి వచ్చింది.

తండ్రీ కొడుకులు మూడేళ్ళు చెరలో ఉన్నారు. తిమ్మ దండనాయకుడనే కొడుకు తప్పించుకుని కొండల్లో బంధువు కోట పట్టుకుని రాజసైన్యంతో పోరాడాడు. ముట్టడించి పట్టుకొచ్చారు. అప్పుడు గాని కళ్ళు తీయించలేదు. తండ్రినీ ఇద్దరు కొడుకులనూ వధ్యస్థలానికి తెచ్చి ఆ పని చేశారు. బ్రాహ్మణులను చంపరు కాబట్టి ఈ శిక్ష వేశారని నూనిజ్ వివరణ. పారిపోయిన కొడుకు చెరలోనే చనిపోయాడు. ముసలాయన మరో కొడుకుతో చీకట్లో మిగిలాడు. ఆయన స్థానంలో మంత్రి అయినవాడెవరో చెబితే ఎవరైనా నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేరు. నరస నాయకుడి కోసం పెనుకొండలో పిల్లరాజును తన చేతులతో చంపినవాడిగా నూనిజ్ ఎవరిని చెప్పాడో, ఆ మనిషి కొడుకు.

ఇంతకీ తిమ్మరుసు వంశం దోషా? రుజువులతో చూస్తే ఈ కేసు నిలవదు. ఆరోపణ ఒకే నోటినుంచి వస్తోంది, ఆ నోరు అన్నిసార్లూ నమ్మదగ్గది కాదు. కొండవీటిలో పట్టుబడ్డ గజపతి కొడుకు వీరభద్రుడు అవమానం భరించలేక ప్రాణం తీసుకున్నాడని ఇదే నూనిజ్ కళ్ళకు కట్టినట్టు రాశాడు. 1516 నాటి ఒక శాసనంలో అదే వీరభద్రుడు రాయల తరఫున కన్నడదేశంలో మలెబెన్నూరు సీమను పాలిస్తూ కనిపిస్తాడు. పైగా ఎనిమిది నెలల ఉత్సవాల్లో ఆరేళ్ళ పిల్లవాడు జబ్బుచేసి పోవడం ఆ కాలంలో వింత కాదు. రాజకుమారుడు పోతే విషం అనడమే ఆనవాయితీ. ఉద్దేశం చూసినా తిమ్మరుసుకు లాభం కనిపించదు. తన కొడుకుకు హోదా ఇచ్చిన పిల్లరాజు బతికి ఉంటేనే ఆ కుటుంబం ఏలుబడి సాగేది. లాభపడినవాళ్ళు ఉన్నారు. తిమ్మరుసు ఖాళీ చేసిన చోటును పంచుకున్న మంత్రులు, చంద్రగిరిలో మగ్గుతున్న సోదరులు, రాయల కూతురిని పెళ్ళాడిన రామరాజు. అయితే లాభం ఉన్నంత మాత్రాన నేరం ఉన్నట్టు కాదు. తిమ్మరుసును వదిలేసి వీళ్ళలో ఒకరిని ఊహతో పట్టుకుంటే అది రాయలు చేసిన పనే మళ్ళీ చేసినట్టవుతుంది. తెలుగు నాటకాలూ సినిమాలూ సరిగ్గా ఆ పని చేశాయి. నేరాన్ని గజపతి వర్గానికి అంటగట్టి, రాజునూ మంత్రినీ ఇద్దరినీ కాపాడుకున్నాయి. నూనిజ్ రాతలో ఈ విషం కథలోకి గజపతి రాడు.

రాజు స్వభావం గురించి పాయస్ ఒక మాట రాసిపెట్టాడు. గొప్ప పాలకుడు, న్యాయం తెలిసినవాడు, కానీ ఉన్నట్టుండి కోపం ముంచుకొస్తుంది. ఇది పిల్లవాడు పోకముందు, మంత్రి మీద అనుమానం రాకముందు, 1520 ప్రాంతంలో రాసిన మాట. పాయస్ చూసినప్పుడు ఆ కోపానికి అడ్డు నిలబడగలిగినవాడు ఒకడున్నాడు. ఇంటి వ్యవహారమంతా తిమ్మరుసు చేతిలో ఉంటుందనీ, పెద్ద పెద్ద ప్రభువులు ఆ ముసలాయన ముందు రాజు ముందున్నట్టే నిలబడతారనీ ఆయనే రాశాడు. ఇప్పుడు కోపం ఆ ముసలాయన మీదికే మళ్ళింది. అడ్డుపడేవాడు లేడు.

1529లో రాయలు పోయేనాటికి మిగిలింది ఏడాదిన్నర పసివాడు. పసివాణ్ణి ముందు పెట్టుకుని రాజ్యమేలాలని రామరాజు చూశాడు, చంద్రగిరి నుంచి అచ్యుతుడు వచ్చి అందుకున్నాడు. 1542లో అచ్యుతుడు పోతే ఆయన చిన్న కొడుకు వెంకటరాయలను సొంత మేనమామ సలకం తిరుమలరాజే చంపించాడు. ఆ మేనమామను రామరాజు చంపి, సదాశివుణ్ణి పేరుకు కూర్చోబెట్టి, తానే ఏలాడు. రాయలు మూయాలనుకున్న దారి పదమూడేళ్ళలో రాజమార్గమైపోయింది.

పెనుకొండలో తిమ్మరుసు సమాధి అని ఒక కట్టడాన్ని ఇప్పటికీ చూపిస్తారు. ఆయనను బంధించిన చోటు అని మరొకటి చూపిస్తారు. ఇమ్మడి నరసింహుడిని చంపిన కోట కూడా అదే. అతడి సమాధి ఎక్కడని అడిగేవారు లేరు.